తులం కన్నా తక్కువ

1. సోమవారం

ఈ రోజు కిటికీ నన్ను "మీరు" అంది. అప్పుడే నాకు అనుమానం వచ్చింది.

మెట్టపురికి వచ్చి ఏడేళ్లయింది. రేషన్ కిటికీ, ఆసుపత్రి కిటికీ, బస కిటికీ, అన్నీ నన్ను "నువ్వు" అనే పిలిచాయి. కిటికీల వెనక మనుషులుండరు. ఒక అద్దం, దాని వెనక ఒక గొంతు, అంతే. ఆ గొంతుకి పట్టా ఉన్నవాళ్లు "మీరు", బస మీద ఉన్నవాళ్లు "నువ్వు". పట్టా అంటే ఈ కొండమీద పుట్టినవాళ్లకి ఉండే పౌరహక్కు. మాది బస. సముద్రం మా రేవు మీదికి వచ్చేశాక మూటాముల్లె సర్దుకుని కొండెక్కినవాళ్లం. ఏడాదికోసారి ఉండనిస్తారో లేదో కనుక్కోవాలి. అలాంటిది ఇవాళ నీటి కళాశాల కిటికీ "దయచేసి కూర్చోండి" అంది. కూర్చోడానికి అక్కడ కుర్చీ లేదు.

సంగతేమిటంటే నాకు సీటొచ్చింది. ఉప్పునీళ్లని మంచినీళ్లుగా మార్చే మరలు నడపడం నేర్పే చదువు. పట్టా పిల్లలకైతే ఖర్చంతా నగరానిదే. బస పిల్లలు ఫీజు ఎక్కడి నుంచైనా తెచ్చుకోవాలి. ఈ ఊళ్లో ఫీజు నీళ్లలో కట్టాలి, నెలకి ఆరు బిందెలు. అమ్మకీ నాకూ కలిపి వచ్చే రేషనే నాలుగు. మేం నీళ్లు తాగడం పూర్తిగా మానేసినా ఫీజు పూర్తి కాదన్నమాట.

"మీవంటి వారి కోసం ఒక సాయం ఉంది," అంది కిటికీ. "నిరాధార బస విద్యార్థి సాయం. నగరంలో మీకు ఎవరి ఆసరా లేదని తేలితే ఫీజు మొత్తం మేమే భరిస్తాం."

"ఇప్పటిదాకా ఎంతమందికి ఇచ్చారు?"

"ఆ వివరం మీకు అవసరం లేదు," అంది చాలా మర్యాదగా.

నెలాఖరులోగా ఈ సాయం రావాలి. రాకపోతే నేను అమ్మతోపాటు ఉప్పు పళ్లేల పనికి పోవాలి. పద్దెనిమిది నిండిన బసవాళ్లు చదువులోనన్నా ఉండాలి, పనిలోనన్నా ఉండాలి, అది ఇక్కడి నిబంధన. మర వడగట్టగా పళ్లేల్లో పేరుకున్న ఉప్పుని గీకి తీసే పని అది. అమ్మ వేళ్లన్నీ పగిలిపోయాయి. అన్నంలో కూర కలుపుకునేటప్పుడు ఒక్క క్షణం కళ్లు మూసుకుంటుంది, నేను చూడలేదనుకుంటుంది. ఆ పళ్లేల దగ్గరికి నేను చచ్చినా పోను.

2. బుధవారం

పొద్దున్నే గడప అరిచింది. "గిన్నె. నిండు."

మెట్టపురిలో ప్రతి గడపలోనూ ఒక కాటా ఉంటుంది. లోపలికొచ్చేదీ బయటికి పోయేదీ తూచి, పైకి చెప్పి, లెక్క రాసుకుంటుంది. గింజల్నీ నీళ్లనీ ఎవరూ దొంగచాటుగా అమ్ముకోకుండా అట. గిన్నెలకీ బిందెలకీ అడుగున వాటి బరువు ముద్రవేసి ఉంటుంది కాబట్టి నిండుగా ఉందో ఖాళీగా ఉందో దానికి ఇట్టే తెలిసిపోతుంది. తులం కన్నా తక్కువ బరువుంటే మాత్రం పట్టించుకోదు. లేకపోతే ఈగలకి కూడా బస చీటీ రాయాల్సొచ్చేది.

గిన్నె తెచ్చింది ఎదురింటి ఓబుళమ్మత్త. పట్టా మనిషి. భర్త పోయాడు, పిల్లల్లేరు, మోకాళ్లనొప్పులు ఉన్నాయి. తలుపు ఎప్పుడూ బార్లా తీసే ఉంటుంది. మేం ఈ ఇళ్ల వరసలో దిగిన రోజే సంగటి పట్టుకుని వచ్చింది. అప్పట్నుంచీ ఆపలేదు. ఇవాళ బొరుగుల ఉగ్గాని తెచ్చింది. గిన్నె అంచున ఆవిడ పెళ్లినాడు కొట్టించిన పేర్లు సగం అరిగిపోయాయి.

"ఏం పాపా, సీటొచ్చిందంట గదా. ఆ కిటికీ ఏమంటాండాది?"

"చూస్తామంది అత్తా."

"ఎప్పుడు జెప్తాదంట? ఎవురెవుర్ని అడుగుతాదంట?"

ఇంతేసి ప్రశ్నలు ఎందుకో నాకు అర్థం కాలేదు. ఏదో చెప్పి తప్పించుకున్నాను. అమ్మ ఉగ్గాని మా పళ్లెంలోకి వంచి, గిన్నె కడిగి, అందులో రొయ్యపొడి పోసింది. పెంపకపు తొట్టెల్లో మిగిలిన చిన్న రొయ్యల్ని ఎండబెట్టి చేసే పొడి. మా రేవు వాళ్లెవరూ ఎదుటివాళ్ల గిన్నె ఖాళీగా తిరిగివ్వరు. ఇంట్లో ఏమీ లేకపోతే ఓ చిటికెడు పంచదారో, నాలుగు గింజలో వేసైనా పంపుతారు. ఖాళీగా పంపితే ఆ ఇంటికి మంచిది కాదని అమ్మ నమ్మకం. ఓబుళమ్మత్త ఆ పొడి వేలితో అద్దుకుని, ప్రతిసారీ అనేదే అంది.

"ఉప్పు ఎక్కువైంది పాపా, మీ యమ్మకు జెప్పు."

ఎక్కువైంది అంటూనే గిన్నెడూ తింటుంది.

3. శనివారం

టీ బంకు దగ్గర తాతారావు బాబాయి కలిశాడు. బాబాయంటే బాబాయి కాదు, మా రేవు మనిషి. బసవాళ్లకి కిటికీల దగ్గర పనులు చేయించి పెడుతుంటాడు, పనికో బిందె నీళ్లు తీసుకుంటాడు. నాకు ఈయన మీద ఎప్పుడూ నమ్మకం లేదు.

"సాయానికి పెట్టావంట గదే? ఓ బిందె నాకొగ్గేయ్, నాను సూసుకుంతాను."

"బిందె ఉంటే ఫీజే కట్టుకుంటాను కదా బాబాయ్."

"నీ ఇష్టం. మరైతే ఓ మాట సెప్తానిను. మొన్న మీ ఎదురింటావిడ కాలేజీ కిటికీ కాడ కనిపించింది. నీ పేరే సెప్తంది. పట్టావోళ్లు ఇంట్లో మడుసులు ఎక్కువున్నారని రాయించుకుంటే నీళ్లు ఎక్కువొస్తాయంట. నిన్ను సూపెట్టి తాగేస్తాదేమో సూసుకో."

బిందె ఇవ్వలేదన్న కడుపుమంటతో అంటున్నాడనుకున్నాను. కానీ ఇంటికొచ్చేదాకా ఆ మాట వదల్లేదు. మోకాళ్లనొప్పులతో పక్క వీధికైనా పోని మనిషి మూడు మలుపులు దిగి కాలేజీ కిటికీ దాకా ఎందుకు వెళ్లింది? వెళ్తే వెళ్లింది, మాకెందుకు చెప్పలేదు? ఇంటికొచ్చి చూస్తే ఆవిడ గడపలో కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తోంది. నన్ను చూసి నవ్వింది. నేను నవ్వలేదు.

4. మంగళవారం

సాయం రాలేదు.

"మీ గడప లెక్కనీ మీ ఎదురింటి గడప లెక్కనీ సరిచూశాం," అంది కిటికీ. "మీకు నగరంలో ఆసరా ఉంది. పట్టాదారు ఓబుళమ్మగారు, మీరు ఒకే కుటుంబం."

"ఆవిడ ఎదురింటావిడ. అంతే."

"ఒక ఇంటి నుంచి నిండు గిన్నె వెళ్లి ఖాళీగా తిరిగొస్తే అది దానం. దానాన్ని మేం ఆసరాగా లెక్కించం. నిండుగా వెళ్లి నిండుగా తిరిగొస్తే అది ఉమ్మడి వంట. ఉమ్మడి వంట ఉన్నవారు ఒకే కుటుంబం. మీ మధ్య ఏడేళ్లలో ఒక్క గిన్నె కూడా ఖాళీగా నడవలేదు. పైగా విచారణకి పిలిచినప్పుడు ఓబుళమ్మగారు మీ గురించి 'మా పిల్లే, మా ఇంట్లోనే తింటాది' అని చెప్పారు."

తాతారావు అబద్ధం చెప్పలేదన్నమాట.

"సరే, నేను పట్టా ఇంటి పిల్లనైతే పట్టా పిల్లల సాయమే ఇవ్వండి."

"మీకు పట్టా లేదు కదా."

సాయం ఎగ్గొట్టడానికి నేను పట్టా ఇంటి పిల్లని. సాయం ఇవ్వడానికి బసదాన్ని. ఈ గొంతుకి మొహం ఉండుంటే చూస్తూ నిలబడేదాన్ని, అద్దంలో నా మొహమే ఉంది.

ఇంకో దారి ఉందట. శుక్రవారంలోగా ఓబుళమ్మత్త వచ్చి, మేం తనకి ఏమీ కామనీ, పెట్టిందంతా దానమనీ చెప్పాలి. ఆ తర్వాత నా చదువయ్యేదాకా గడప లెక్క కూడా దానికి తగ్గట్టే ఉండాలి.

ఇంటికి నడుస్తూ ఇదే తిప్పితిప్పి ఆలోచించాను. ఏడేళ్లు ఆవిడ పెట్టింది తిని గిన్నె ఖాళీగా పడేసి ఉంటే ఇవాళ మేం పేదవాళ్లం. తిరిగి పెట్టాం కాబట్టి పేదవాళ్లం కాలేకపోయాం. అమ్మ మీద కోపం వచ్చింది, ఆ రొయ్యపొడి మీద కోపం వచ్చింది. అన్నిటికన్నా "మా పిల్లే" అన్న మాట మీద కోపం వచ్చింది.

5. బుధవారం

నేను చేసిన పని చేసినట్టే రాస్తున్నాను.

పొద్దున్న అమ్మ పనికి వెళ్లాక ఓబుళమ్మత్త గిన్నెలో జొన్నరొట్టెలు పెట్టి తెచ్చింది. నేను ఏం మాట్లాడకుండా తీసుకున్నాను. రొట్టెలు పళ్లెంలో వేసి, గిన్నె కడిగి, పొడిగుడ్డతో తుడిచి, అలాగే తీసుకెళ్లి ఆవిడ చేతికిచ్చాను.

"గిన్నె. ఖాళీ," అంది మా గడప. "గిన్నె. ఖాళీ," అంది వాళ్ల గడప. మా రెండు గడపలూ ఆ మాట అనడం నేనెప్పుడూ వినలేదు.

ఆవిడ గిన్నెలోకి చూసింది. నా మొహంలోకి చూసింది. అడిగేయాలనుకున్నాను, నా పేరు చెప్పుకుని ఎన్ని నీళ్లు తాగావు అని. ఈలోగా ఆవిడే అడిగింది.

"మీ యమ్మకు బాగలేదా పాపా?"

"బానే ఉంది," అని వచ్చేశాను.

తలుపేసుకుని కూర్చున్నాను. కాస్సేపటికి ఎదురింటి గడప "బిందె. నిండు" అనడం వినిపించింది. తర్వాత మా గడప అదే మాట అంది. తలుపు తీస్తే ఓబుళమ్మత్త. రొప్పుతోంది. నిండు బిందె నడుమున పెట్టుకుని, ఒక చేత్తో గోడ పట్టుకుని నిలబడింది. ఆవిడకి వారమంతా అదే నీళ్లు.

"ఇంట్లో గింజలూ నీళ్లూ అయిపోయినాయని ఒక మాట జెప్పకూడదా? గిన్నె ఉత్తది పంపేంత కష్టమొస్తే గమ్మున కూచుంటారా? నేనేమన్నా పరాయిదాన్నా?"

నాకు అక్కడికక్కడే చచ్చిపోవాలనిపించింది. ఆవిడకి అవమానం అన్న ఆలోచనే రాలేదు. ఖాళీ గిన్నె చూస్తే మా ఇంట్లో ఆకలి అని ఒక్కటే తోచింది. బిందె అందుకుని దింపాను. గోడకానుకుని ఏడ్చాను. ఆవిడ నా వీపు నిమురుతూనే ఉంది, ఎందుకు ఏడుస్తున్నానో తెలీకుండానే.

అమ్మ పని నుంచి వచ్చాక ఇద్దరికీ అంతా చెప్పేశాను, తాతారావు మాటలతో సహా.

"ఖాళీ గిన్నె అట్టుకెళ్లి ఆవిడి సేతిలో ఎట్టావా?" అంది అమ్మ. "సిగ్గు నేదేటే నీకు? నానేటి నీకు నేర్పాను?"

"పాపను అనొద్దు పైడమ్మా," అంది ఓబుళమ్మత్త. "నాదే తప్పు. ఆ పాప ఎట్లాంటిదని కిటికీ పిలిచి అడిగితే, మా పిల్లే అంటి. అట్లంటే సీటు గట్టిపడతాదేమో అనుకుంటి. అయిపోయినాక జెప్పి సంతోషపెడదామని మీతో అన్లేదు. ఇట్లయితాదని నాకేం తెల్సు?" కాస్సేపాగి నావైపు తిరిగింది. "నీళ్లు ఎక్కువిస్తారని ఎవురు జెప్పినారమ్మా? ఈ ఊర్లో ఎవురైనా ఎవురికైనా నీళ్లు ఎక్కువిచ్చినారా?"

6. శుక్రవారం

ముగ్గురం వెళ్లాం. దారంతా ఓబుళమ్మత్త "వీళ్లు నాకు ఏమీ కారు" అని పైకి అనుకుంటూనే నడిచింది. రెండో మలుపు దగ్గర "ఏమీ కారు" అనడం మానేసి "మోకాళ్లు పోయినాయి" అంది. అమ్మ నవ్వింది. ఆ దారిలో ఎవరైనా నవ్వింది అదొక్కసారే.

"ఈ విద్యార్థిని మీకు ఏమవుతారు?" అంది కిటికీ.

"ఏమీ గాదు."

"వీరికి ఆహారం ఇచ్చేవారా?"

"ఇస్తాంటి."

"ఎందుకు?"

ఇది మేం అనుకోని ప్రశ్న. ఓబుళమ్మత్త నావైపు చూసింది. నాకు అర్థమైంది, ఈ ఊరికి అర్థమయ్యే జవాబు ఒకటే ఉంది. తల ఊపాను.

"అడుక్కుంటారు," అంది ఆవిడ మెల్లగా. "వాళ్లమ్మా, ఈ పాపా. గడప కాడికొచ్చి అడుక్కుంటారు. పాపమని పెడతాంటి."

"మరి వారు తిరిగి పంపినవి?"

ఆవిడ గొంతు సవరించుకుంది. అమ్మ పక్కనే నిలబడి ఉంది, పగిలిన వేళ్లు కొంగులో దాచుకుని.

"అవా? అవెవురు తింటారు? పారబోస్తాంటి."

కిటికీ నన్నడిగింది, ఇది నిజమేనా అని. అమ్మ వింటోంది. అయినా చెప్పాను.

"నిజమే. అడుక్కుంటాం."

"నీకు సాయం మంజూరైంది," అంది కిటికీ. "సోమవారం నుంచి తరగతులకి రా. నీ గడప లెక్క చూస్తూ ఉంటాం."

మళ్లీ నువ్వు అయిపోయాను. ముగ్గురం ఇంటికి తిరిగొచ్చాం. ఓబుళమ్మత్త వాళ్లింట్లోకి వెళ్లి తలుపు మూసుకుంది. ఆ తలుపు మూసి ఉండగా ఎలా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది. దానిమీద నీలం రంగు ఉంది.

7. ఆదివారం

నిన్నా ఇవాళా గిన్నె రాలేదు.

నాకు కావలసింది దొరికింది. పళ్లేల దగ్గరికి పోనక్కర్లేదు. మరి ఇంత దిగులెందుకు? ఆవిడకి మా మీద కోపమా, లేక తను అన్న మాటలకి మొహం చూపించలేకపోతోందా? అమ్మ రెండుసార్లు తలుపు దాకా వెళ్లి వెనక్కొచ్చింది. పొడి డబ్బా తీసి చూసుకుని మళ్లీ మూత పెట్టింది. "పారబోస్తాంటి" అన్న మాట ఆవిడ కావాలని అనలేదని అమ్మకీ తెలుసు, నాకూ తెలుసు. తెలిసినా తగిలింది.

గడప కూడా ఏం మాట్లాడలేదు. ఇన్నాళ్లూ దాన్ని తిట్టుకున్నాను. ఇవాళ అది అరిస్తే బాగుండుననిపించింది.

8. సోమవారం

కాలేజీకి బయల్దేరుతుంటే గడప అరిచింది. "గిన్నె. నిండు."

ఓబుళమ్మత్త గిన్నె కింద పెట్టి, మా మొహాలు చూడకుండా వెళ్లిపోయింది. ఉగ్గాని. పైన వేయించిన చెనిక్కాయలు ఎప్పటికన్నా ఎక్కువ వేసింది. మొదటిరోజు కదా నాకు.

తిన్నాం. అమ్మ గిన్నె కడిగి కొంగుతో తుడిచింది. అలవాటు కొద్దీ పొడి డబ్బా మూత తీసింది.

"వద్దమ్మా," అన్నాను. "లెక్క చూస్తారు. సాయం పోతుంది."

"నాకు తెల్దేటి?" అని మూత పెట్టేసింది. గిన్నె పట్టుకుని అలాగే నిలబడింది. ఖాళీగా నాకివ్వడానికి చెయ్యి రావడం లేదు. చివరికి బియ్యం డబ్బా తీసి, రెండు వేళ్లతో వెతికి, విరగని గింజ ఒక్కటి ఏరి గిన్నెలో వేసింది.

"అమ్మా!"

"తులం కన్నా తక్కువ తూయదు కదే అది. ఈగని తూత్తాదేటి? అట్టుకెళ్లు."

నాకు నమ్మకం లేదు. ఈ ఊళ్లో దేన్నీ నమ్మి బాగుపడలేదు. ఒక్క గింజకి నా చదువంతా పోతే? గడప మీద కాలు పెట్టి ఊపిరి బిగబట్టాను.

"గిన్నె. ఖాళీ."

ఓబుళమ్మత్త గడప కూడా అదే అంది. ఆ మాటకి లోపల ఆవిడ మొహం వాడిపోయింది. లేచి వచ్చి, గిన్నెలోకి చూడకుండానే అందుకోవడానికి చెయ్యి చాపింది. చెప్పడానికి నాకు ధైర్యం చాల్లేదు, గడపలు మాటలు కూడా వింటాయేమోనని నా అనుమానం. గిన్నె కొంచెం వంచాను. గింజ అడుగున జారి చిన్నగా చప్పుడు చేసింది.

ఆవిడ చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత వేలు నాలిక మీద తడి చేసుకుని, గింజ మీద అద్ది, నోట్లో వేసుకుంది. ఒక్క గింజని ఎంతసేపు నమిలిందో. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా తుడుచుకోలేదు.

"ఈ తూరి ఉప్పు సరిపోయింది పాపా," అంది. "మీ యమ్మకు జెప్పు."